మానని కడుపునొప్పి, ఎదగని బిడ్డ
పిల్లలలో పేగుపూత వ్యాధిని గూర్చి ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవలసిన సంగతులు

పిల్లలకు కడుపునొప్పి రావడం, విరేచనాలు కావడం మన ఇళ్లలో కొత్త సంగతి కాదు. వానాకాలపు బావినీళ్లు, పెళ్లింటి భోజనం, దొంగచాటుగా తిన్న పచ్చి మామిడికాయలు – ఏదో ఒక కారణం చెప్పుకుంటాం. ఓ.ఆర్.ఎస్. నీళ్లు తాగించి, మజ్జిగన్నం పెట్టి రెండు రోజులు చూస్తాం. చాలామంది పిల్లలు అంతలోనే కోలుకొని ఆటలకు పరుగెడతారు.

కొందరు బిడ్డల విషయంలో మాత్రం అలా జరగదు. విరేచనాలు తగ్గినట్లే తగ్గి మళ్లీ మొదలవుతాయి. నొప్పి వారానికి రెండుసార్లు వచ్చేది రోజూ వస్తుంది. మలంలో రక్తపు చార కనబడుతుంది. బిడ్డ తిండి తగ్గిస్తాడు, చిక్కిపోతాడు. తోటి పిల్లలు భుజం దాటి ఎదిగిపోతుంటే ఈ బిడ్డకు నిరుడు కుట్టించిన లాగు ఈ సంవత్సరమూ సరిపోతుంది. ఇట్టి బిడ్డలలో కొందరికి ఉండేది మామూలు అజీర్తి కాదు. దానిని వైద్యులు ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్ అంటారు, క్లుప్తంగా ఐ.బి.డి. మన వాడుకలో పేగుపూత అనవచ్చు. సకాలంలో గుర్తిస్తే ఈ వ్యాధితోనే బిడ్డ చక్కగా ఎదిగి, చదువుకొని, తన కాళ్లమీద నిలబడగలడు. ఆలస్యమైతే ఎత్తు పోతుంది, పేగు పాడవుతుంది, ఒక్కొక్కసారి ప్రాణం మీదికి వస్తుంది. గనుక ఈ వ్యాసాన్ని ఓపికగా చదవమని, చదువురాని పెద్దలకు చదివి వినిపించమని మనవి.

ఏమిటీ వ్యాధి?

మన శరీరంలో రోగక్రిములతో పోరాడే రక్షణశక్తి ఒకటి ఉంది. కొందరిలో ఈ శక్తి దారితప్పి, తమ సొంత పేగునే శత్రువుగా ఎంచి దాడి చేస్తుంది. అందువలన పేగు లోపలి పొర ఎర్రబడి, వాచి, పుండ్లు పడుతుంది. ఇది ఒక పూట వచ్చి పోయే వాపు కాదు. కొంతకాలం అణగి ఉండి, మరల పైకి లేచే దీర్ఘవ్యాధి.

ఇందులో ముఖ్యంగా రెండు రకాలు ఉన్నాయి. మొదటిది అల్సరేటివ్ కొలైటిస్. ఇది పెద్దపేగుకు మాత్రమే వస్తుంది, పైపొరను పుండు చేస్తుంది. రక్తంతో, జిగటతో కూడిన విరేచనాలు దీని ముఖ్య గుర్తు. లండన్ వైద్యుడు శామ్యూల్ విల్క్స్ 1859లోనే దీనిని గూర్చి వ్రాశాడు. రెండవది క్రోన్స్ వ్యాధి. ఇది నోటినుండి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చు, ఎక్కువగా చిన్నపేగు చివరి భాగంలోను, పెద్దపేగులోను వస్తుంది. పేగుగోడ లోతుల్లోకి దిగి, పేగు సన్నబడేటట్లు చేస్తుంది, కొందరిలో రంధ్రం చేసి చీము దారులు పెడుతుంది. 1932లో న్యూయార్కు నగరపు మౌంట్ సైనాయ్ ఆస్పత్రిలో బరిల్ క్రోన్ అనే వైద్యుడు మరి ఇద్దరు సహచరులతో కలిసి దీనిని వివరించినందున ఆ పేరు నిలిచింది.

ఇది తెల్లవారి జబ్బు అనీ, పట్టణాలలో ధనవంతులకు వచ్చే జబ్బు అనీ ఒకప్పుడు అనుకునేవారు. ఇప్పుడు అలా అనుకోవడానికి వీలులేదు. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు 30 వేలకు పైగా రోగులను పరీక్షించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, పట్టణాల వారిలోనే కాక పల్లెల వారిలోనూ ఈ వ్యాధి కనబడింది. ఈ వ్యాధి ఉన్న ప్రతి నలుగురిలో ఇంచుమించు ఒకరికి అది 20 ఏళ్లు నిండకముందే మొదలవుతుంది. పది పన్నెండేళ్ల ప్రాయం నుండి ఎక్కువగా బయటపడుతుంది. ఆరేళ్లలోపు బిడ్డలకు, అరుదుగా చంటిబిడ్డలకు కూడా వస్తుంది. అంత చిన్నవారికి వచ్చినప్పుడు ఒకే ఒక జన్యులోపం కారణమై ఉండవచ్చు. గనుక వారిని తప్పక పెద్ద ఆస్పత్రిలో చూపించాలి.

ఎవరి తప్పూ కాదు

బిడ్డకు జబ్బు చేస్తే ఇంట్లో మొదట నింద తల్లిమీద పడుతుంది. సరిగా పెట్టలేదనీ, వేడి చేసే పదార్థాలు తినిపించిందనీ అంటారు. ఇది తల్లి తప్పు కాదు. ఒక్క కారణంవలన ఈ వ్యాధి రాదు. పుట్టుకతో వచ్చిన జన్యువులు, పేగులో నివసించే సూక్ష్మజీవులు, మారిన ఆహారపు అలవాట్లు, పరిసరాలు – ఇవన్నీ కలిసి వస్తాయి. 2001లో శాస్త్రజ్ఞులు నాడ్-2 అనే జన్యువుకు, క్రోన్స్ వ్యాధికి ఉన్న సంబంధాన్ని కనిపెట్టారు. ఆ తరువాత ఇటువంటి జన్యువులు ఇంకా అనేకం బయటపడ్డాయి.

మన పల్లెలలో ఇంకొక ఆపద ఉంది. బిడ్డ చిక్కిపోతుంటే ఎవరో పెట్టుడు మందు పెట్టారని అనుమానించి, దానిని కక్కించేవారి దగ్గరకు తీసుకువెళ్తారు. పసరు పోసి వాంతి చేయిస్తారు. వచ్చిన దానిలో ఏదో ఉండను చూపించి, ఇదే ఆ మందు అంటారు. పేగు పుండైన బిడ్డకు ఆ పసరువలన నీరు, లవణాలు పోయి ప్రాణాపాయం కలుగవచ్చు. అంతకంటె పెద్ద నష్టం, చేతికి అందవలసిన వైద్యం నెలల తరబడి దూరం కావడం. ఇరుగు పొరుగు మీద లేనిపోని పగలు పెరగడం మరొక నష్టం.

ఇంట్లోనే గమనించదగిన గుర్తులు

ఈ క్రింది వానిలో రెండు మూడు కలిసి కనబడితే అశ్రద్ధ చేయకండి.

1. నాలుగు వారాలు దాటినా తగ్గని విరేచనాలు, లేదా తగ్గి మరల మరల వచ్చే విరేచనాలు.
2. మలంలో రక్తం, జిగట. నిద్రలో లేచి మరీ విరేచనానికి పోవలసి రావడం. మామూలు అజీర్తి బిడ్డను రాత్రివేళ లేపదు.
3. పదే పదే వచ్చే కడుపునొప్పి, ముఖ్యంగా బొడ్డు చుట్టూ గాని కుడివైపు క్రింది భాగంలో గాని.
4. బరువు తగ్గడం, లేదా పెరగవలసినంత పెరగకపోవడం.
5. ఎత్తు పెరగడం ఆగిపోవడం, ఈడు వచ్చే గుర్తులు ఆలస్యం కావడం.
6. కారణం తెలియని జ్వరం, అలసట, రక్తహీనత.
7. నోటిలో మానని పుండ్లు, కీళ్లనొప్పులు, కంటి ఎరుపు, కాళ్లమీద నొప్పితో కూడిన ఎర్రని గడ్డలు.
8. మలద్వారం దగ్గర చీలికలు, చర్మపు తిత్తులు, చీముకారే రంధ్రం.

ఎనిమిదవ గుర్తును గూర్చి ప్రత్యేకంగా చెప్పాలి. పన్నెండేళ్ల పిల్లవాడికి అక్కడ పుండు పడితే సిగ్గుతో చెప్పడు. చెప్పినా పెద్దలు మొలలు అని తీసిపారేస్తారు. పిల్లలకు మొలలు రావడం అరుదు. క్రోన్స్ వ్యాధి ఒక్కొక్కసారి మొట్టమొదట అక్కడే బయటపడుతుంది.

క్రోన్స్ ఉన్న కొందరు బిడ్డలకు విరేచనాలే కావు. ఎదుగుదల ఆగిపోవడం తప్ప మరే గుర్తూ కనబడకపోవచ్చు. గనుక ఒక చిన్న అలవాటు చేసుకోండి. మూడు నెలలకు ఒకసారి బిడ్డను గోడకు ఆనించి నిలబెట్టి, తలపై చదునుగా పుస్తకం పెట్టి, పెన్సిలుతో గీత గీసి తేదీ వ్రాయండి. నాలుగైదేళ్లు దాటిన బిడ్డ ఈడు వచ్చేవరకు సంవత్సరానికి సుమారు 5 లేక 6 సెంటీమీటర్లు పెరుగుతాడు. సంవత్సరంలో 4 సెంటీమీటర్లు కూడా పెరగకపోతే వైద్యునికి చూపించండి. ఆ గోడమీది గీతలు వైద్యునికి ఎంతో సహాయపడతాయి.

ముందుగా ఏవి కావో తేల్చుకోవాలి

రక్త విరేచనాలన్నీ పేగుపూత కాదు. మన ప్రాంతంలో అమీబిక్ జిగట విరేచనాలు, బాక్టీరియావలన వచ్చే రక్త విరేచనాలు, కొంకిపురుగులు, కొరడాపురుగులు ఇంకా సామాన్యమే. నొప్పిలేకుండా మలంతోపాటు ఎర్రని రక్తం పడితే పేగులో చిన్న పాలిప్ ఉండవచ్చు. దానిని తీసివేస్తే సరిపోతుంది. గోధుమ తినేవారిలో సీలియాక్ వ్యాధి, చంటిబిడ్డలలో పాల అలర్జీ కూడా ఇలాగే కనబడతాయి. అందుకే వైద్యుడు మొదట మలపరీక్ష చేయించి, పురుగుల మందు, అవసరమైతే తగిన యాంటీబయాటిక్ ఇవ్వడం సరైనదే.

సరికానిది ఏమిటంటే, ఫలితం లేకున్నా అదే మందును మళ్లీ మళ్లీ వాడడం. ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గర మూడు నెలల్లో నాలుగుసార్లు అవే మాత్రలు మింగించి, రెండుసార్లు సెలైన్ ఎక్కించి, ఇక ఇది బిడ్డ తత్వం అని సరిపెట్టుకునే ఇళ్లు ఉన్నాయి. సరిగా వాడిన మందుతో తగ్గకపోతే, లేదా తగ్గి నెలలోపు తిరిగి వస్తే, ఆ మందు కాదు, ఆ రోగనిర్ణయమే సరికాదేమోనని ఆలోచించాలి. బిడ్డను పిల్లల వైద్యనిపుణునికి, ఆయన ద్వారా జీర్ణకోశ నిపుణునికి చూపించాలి.

పరీక్షలు ఎలా ఉంటాయి?

మొదటివి రక్తపరీక్షలు. హిమోగ్లోబిన్ తగ్గడం, ప్లేట్‌లెట్లు, ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. పెరగడం, ఆల్బుమిన్ తగ్గడం లోపల వాపు ఉందని సూచిస్తాయి. కాని ఇవన్నీ బాగున్నంత మాత్రాన వ్యాధి లేదని చెప్పలేము. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పదార్థాన్ని కొలిచే పరీక్ష ఇప్పుడు మన పట్టణాలలోనూ దొరుకుతుంది. పేగు వాచినప్పుడు తెల్లరక్తకణాల నుండి ఈ పదార్థం మలంలోకి వస్తుంది. అది మామూలుగా ఉంటే పేగులో వాపు ఉండడం అరుదు. ఎక్కువగా ఉంటే వాపు ఉన్నట్లే. అయితే అది క్రిములవలన వచ్చిందో, పేగుపూతవలన వచ్చిందో ఈ పరీక్ష చెప్పదు.

వ్యాధిని నిశ్చయపరచేది ఎండోస్కోపీ. సన్నని, వంగే గొట్టం చివర కెమెరాతో పెద్దపేగును, చిన్నపేగు చివరి భాగాన్ని చూస్తారు. పిల్లలలోనైతే నోటిద్వారా జీర్ణాశయాన్ని కూడా చూస్తారు. ముందురోజు బిడ్డకు పలుచని ద్రవాలు మాత్రమే ఇచ్చి, పేగు శుభ్రమయ్యే మందు తాగిస్తారు. పరీక్షవేళ మత్తు ఇస్తారు గనుక బిడ్డకు నొప్పి తెలియదు. అనేక చోట్ల నుండి, బాగున్నట్లు కనబడే చోట్ల నుండి కూడా, గింజంత ముక్కలు తీసి సూక్ష్మదర్శిని క్రింద పరీక్షిస్తారు. ముక్క తీస్తే జబ్బు ముదురుతుందనే భయం మనలో చాలామందికి ఉంది. అది నిజం కాదు. ముక్క తీయకపోతేనే జబ్బు పేరు తెలియక ముదురుతుంది. గొట్టం చేరని చిన్నపేగు భాగాలను ఎం.ఆర్.ఐ. ద్వారా, అల్ట్రాసౌండ్ ద్వారా చూస్తారు.

క్షయా, క్రోన్సా?

మన దేశంలో వైద్యులను ఎక్కువగా ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇది. క్షయ ఊపిరితిత్తులకే కాదు, పేగులకూ వస్తుంది. అదీ క్రోన్స్ వచ్చే చోటనే, అంటే చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోటనే ఎక్కువగా వస్తుంది. రెంటిలోనూ జ్వరం, నొప్పి, చిక్కిపోవడం ఉంటాయి. పేగులోకి చూసినా పుండ్లు ఇంచుమించు ఒకేలా కనబడవచ్చు.

కాని చికిత్స మాత్రం ఒకదానికొకటి విరుద్ధం. క్రోన్స్‌కు శరీరపు రక్షణశక్తిని అణచే మందులు ఇస్తారు. క్షయ ఉన్న బిడ్డకు అవే ఇస్తే క్షయ ఒళ్లంతా పాకిపోతుంది. క్రోన్స్ ఉన్న బిడ్డకు ఊరకే క్షయ మందులు వాడుతూ కూర్చుంటే ఆ నెలలలో పేగు సన్నబడి ఆపరేషన్ వరకు రావచ్చు.

అందుకే వైద్యుడు అనేక ప్రశ్నలు అడుగుతాడు. ఇంట్లో గాని పక్కింట్లో గాని ఎవరికైనా క్షయ వచ్చిందా? సాయంకాలపు జ్వరం, దగ్గు, కడుపులో నీరు ఉన్నాయా? ఇవి క్షయవైపు మొగ్గు. ఏళ్ల తరబడి రక్త విరేచనాలు, నోటిపుండ్లు, కీళ్లనొప్పులు, మలద్వారం దగ్గర చీము – ఇవి క్రోన్స్‌వైపు మొగ్గు. ఛాతీ ఎక్స్‌రే, చర్మపరీక్ష చేయిస్తారు. తీసిన ముక్కలలో క్షయక్రిమి కొరకు జన్యుపరీక్ష, కల్చర్ చేయిస్తారు. కల్చర్ ఫలితానికి వారాలు పడుతుంది. ఇంట్లో క్షయ వచ్చినవారి సంగతి దాచకండి. ఆ ఒక్క మాట బిడ్డ చికిత్సనే మార్చవచ్చు.

ఇంత చేసినా కొన్నిసార్లు తేలదు. అప్పుడు క్షయ మందులు మొదలుపెట్టి, రెండు మూడు నెలలకు మరల పేగును పరీక్షించి చూస్తారు. పుండ్లు మానితే అది క్షయ. అప్పుడు ఆరు నెలల మందులు పూర్తిగా వాడాలి. మానకపోతే క్రోన్స్ అని గాని, మందులకు లొంగని క్షయ అని గాని ఆలోచిస్తారు. ఇక్కడ చాలా కుటుంబాలు పొరబడతాయి. జ్వరం తగ్గింది, ఆకలి వేస్తోంది గనుక మరల పరీక్ష ఎందుకని ఆగిపోతారు. క్రోన్స్ ఉన్నవారికి కూడా ఆ మందులతో కొంతకాలం మేలనిపించవచ్చు. ఒంట్లో బాగుండడం వేరు, పుండు మానడం వేరు. వైద్యుడు రమ్మన్న తేదీకి తప్పక వెళ్లండి.

చికిత్స

ఈ వ్యాధిని పూర్తిగా నిర్మూలించే మందు ఇంకా లేదు. మధుమేహాన్ని అదుపులో ఉంచుకొని జీవించినట్లే దీనిని అదుపులో ఉంచుకోవాలి. చికిత్సకు రెండు దశలు: లేచిన మంటను ఆర్పడం, అది మరల లేవకుండా కాపాడడం.

ఆహారమే మందు: క్రోన్స్ ఉన్న పిల్లలకు మొదటి చికిత్సగా అనేక దేశాలలో ఇచ్చేది మాత్ర కాదు, ఆహారం. ఆరు నుండి ఎనిమిది వారాలు మామూలు భోజనం పూర్తిగా మాన్పించి, అన్ని పోషకాలు ఉన్న ప్రత్యేకమైన పాలవంటి ద్రవాహారాన్ని మాత్రమే లెక్క ప్రకారం ఇస్తారు. వింతగా తోచినా, పిల్లల క్రోన్స్‌లో వాపును తగ్గించడంలో ఇది స్టిరాయిడ్లకు తీసిపోదు. పైగా బిడ్డ బరువు, ఎత్తు పెరుగుతాయి. అయితే ఆ పొడికి ఖర్చు ఎక్కువ, బిడ్డకు పట్టుదల కావాలి, మధ్యలో రెండు ముద్దలు తినిపిస్తే ఫలితం తగ్గుతుంది. కొలతలు డైటీషియన్ చెప్పవలసిందే. ఇంట్లో జావ కాచి ఇచ్చినంత మాత్రాన ఇది కాదు. అల్సరేటివ్ కొలైటిస్‌కు ఈ పద్ధతి పనిచేయదు.

మెసలమిన్, సల్ఫాసలజీన్: అల్సరేటివ్ కొలైటిస్ తేలికగా, మధ్యరకంగా ఉన్నప్పుడు ఇవి ప్రధానమైన మందులు. సల్ఫాసలజీన్‌ను స్వీడన్ దేశపు వైద్యురాలు నానా స్వార్ట్స్ మొదట కీళ్లవ్యాధి కోసం రూపొందించారు. అది పేగుకూ మేలు చేస్తుందని తరువాత తెలిసింది. దానితోపాటు ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇస్తారు. బాగున్నా కూడా ఈ మందులు ఏళ్లపాటు కొనసాగించాలి.

స్టిరాయిడ్లు: 1955లో ఇంగ్లండులో ట్రూలవ్, విట్స్ అనే వైద్యులు తీవ్రమైన కొలైటిస్‌లో కార్టిజోన్ ప్రాణాలు కాపాడుతుందని రుజువు చేశారు. నేటికీ మంటను త్వరగా ఆర్పేందుకు వీటిని వాడతారు. కాని ఎక్కువకాలం వాడితే ముఖం ఉబ్బుతుంది, ఎముకలు బలహీనపడతాయి, ఎత్తు పెరగడం మందగిస్తుంది. గనుక కొన్ని వారాలలో మోతాదు తగ్గిస్తూ ఆపుతారు. రెండు హెచ్చరికలు గుర్తుంచుకోండి. వీటిని ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయం. గుణం కనబడిందని పాత చీటీతో మందులషాపులో మళ్లీ మళ్లీ కొని వాడడం అంతకంటె అపాయం.

రక్షణశక్తిని అణచే మందులు: అజాథయోప్రిన్, వారానికి ఒక్కసారే ఇచ్చే మెథోట్రెక్సేట్ ఈ కోవలోనివి. ఇవి పనిచేయడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అజాథయోప్రిన్ మన ఆసియా ప్రజలలో కొందరికి జన్యుకారణంగా పడదు. తెల్లరక్తకణాలు పడిపోతాయి, జుట్టు కుచ్చులుగా రాలుతుంది. గనుక చెప్పిన తేదీలకు రక్తపరీక్ష తప్పక చేయించాలి. మెథోట్రెక్సేట్‌ను పొరబాటున రోజూ మింగిస్తే విషమవుతుంది. వారం పేరు అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో వ్రాసి పెట్టుకోండి.

బయోలాజిక్ ఇంజక్షన్లు: వీటిలో మొదటిదైన ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను పిల్లల క్రోన్స్‌కు అమెరికాలో 2006లో అనుమతించారు. మొదట మూడు మోతాదులు, తరువాత సాధారణంగా ఎనిమిది వారాలకు ఒకసారి సెలైన్‌లో ఎక్కిస్తారు. మలద్వారం దగ్గర చీము దారులు ఉన్నవారికి ఇది ఎంతో మేలు. వీటికి సమానమైన మందులు మన దేశంలోనూ తయారవుతున్నందున ధర మునుపటికంటె తగ్గింది. అయినా పేద కుటుంబానికి భారమే. మొదలుపెట్టే ముందు శరీరంలో దాగిన క్షయ ఉందేమో తప్పక పరీక్షించాలి.

ఆపరేషన్: మందులకు లొంగనప్పుడు, పేగు మూసుకుపోయినప్పుడు శస్త్రచికిత్స చేస్తారు. కొలైటిస్‌లో పెద్దపేగు మొత్తం తీసివేస్తే పేగులోని ఆ వ్యాధి తొలగిపోతుంది. క్రోన్స్‌లో పాడైన భాగం మాత్రమే తీస్తారు. అక్కడ వ్యాధి తిరిగి రావచ్చు గనుక మందులు మానకూడదు.

పథ్యం పేరుతో పస్తులు పెట్టకండి

విరేచనాలు అనగానే మనం పాలు, గుడ్డు, పప్పు, కూరలు అన్నీ మాన్పించి చారన్నం మీద ఉంచుతాం. రెండు రోజులకు అది చాలు. రెండేళ్ల వ్యాధికి అలా చేస్తే బిడ్డ జబ్బుతో కాక ఆకలితో క్షీణిస్తాడు. వాపు ఉన్న బిడ్డకు మామూలు బిడ్డకంటె ఎక్కువ ఆహారం కావాలి.

వ్యాధి లేచినప్పుడు మెత్తని అన్నం, ఇడ్లీ, పెరుగు, ఉడికించిన గుడ్డు, చేప, అరటిపండు, మెత్తగా ఉడికిన పప్పు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. కారం, వేపుళ్లు తగ్గించండి. పేగు సన్నబడిందని వైద్యుడు చెప్పినవారు పీచు ఎక్కువగా ఉన్న కూరలు, గింజలు, పండ్ల తొక్కలు మానాలి. వ్యాధి అణగినప్పుడు ఇంటిల్లిపాది తినేదే బిడ్డకూ పెట్టవచ్చు. పాలు తాగితే ఉబ్బరం, విరేచనం ఎక్కువైతేనే పాలు మాన్పించండి. అప్పుడు కూడా చాలామందికి పెరుగు పడుతుంది. ఐరన్, కాల్షియం, విటమిన్ డి అవసరాన్ని బట్టి వైద్యుడు ఇస్తాడు. పొట్లాల చిరుతిళ్లు, శీతల పానీయాలు దూరంగా ఉంచండి.

నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు ఇవ్వకండి. అవి పేగుపుండును రేపవచ్చు. జ్వరానికి పారాసిటమాల్ చాలు. రక్త విరేచనాలు అవుతుండగా వాటిని బిగించే మాత్రలు ఇవ్వడం మరీ ప్రమాదం. రక్షణశక్తిని అణచే మందులు వాడే బిడ్డకు తట్టు, ఆటలమ్మ వంటి బ్రతికిన క్రిముల టీకాలు వేయకూడదు. గనుక టీకాల కార్డును మొదటి రోజే వైద్యునికి చూపించి, రావలసినవి ముందే వేయించండి. అట్టి బిడ్డకు ఆటలమ్మ వచ్చినవారు దగ్గరగా మసలితే వెంటనే వైద్యునికి చెప్పండి.

ఎప్పుడు ఒక్క గంట కూడా ఆగకూడదు?

రోజుకు ఆరు లేక అంతకుమించి రక్త విరేచనాలతోపాటు జ్వరం, గుండెదడ ఉంటే. కడుపు ఉబ్బి గట్టిపడితే. ఆకుపచ్చని వాంతులు అవుతూ మలం, గాలి పోకపోతే. మలద్వారం దగ్గర గడ్డ లేచి చలిజ్వరం వస్తే. బిడ్డ సొమ్మసిల్లితే – తెల్లవారనిద్దామని అనుకోకండి. 108కి ఫోను చేసి పెద్ద ఆస్పత్రికి తీసుకువెళ్లండి. పాత కాగితాలన్నీ ఒక సంచిలో ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి.

ఇల్లు, బడి, సంఘం

ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్కలో పడుకున్నా రాదు. ఈ మాట బడిలోను, సండే స్కూలులోను చెప్పండి. ఉపాధ్యాయునికి ఒక చిన్న మనవి చేయండి: ఈ బిడ్డ చేయెత్తగానే, కారణం అడగకుండా మరుగుదొడ్డికి పంపండి. అది దొరకని బడిలో బిడ్డ ఉదయం తినడం మానేస్తాడు, తరువాత బడే మానేస్తాడు. మరుగుదొడ్డికి తలుపు, నీళ్లు ఉన్నాయా అని చూడడం గ్రామ పెద్దల, సంఘపెద్దల పని కూడా.

ప్రార్థన చేయించుకున్నాం, ఇక మందు అక్కరలేదని మాత్రలు పారవేసే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. బిడ్డకు రెండు నెలలు బాగానే ఉంటుంది. ఎందుకంటే ఈ వ్యాధి అలా అణగి లేచేదే. తరువాత లేచినప్పుడు ముందుకంటె ఉగ్రంగా లేస్తుంది. ప్రార్థన చేయండి, మాత్రా వేయండి. ఒకదానికి మరొకటి అడ్డు కాదు. కాపరులు ఈ మాట తమ నోట చెబితే అనేక బిడ్డల పేగులు నిలుస్తాయి. బాధపడే కుటుంబానికి బస్సుఛార్జీ ఇవ్వడం, తల్లి ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లు మిగిలిన పిల్లలకు అన్నం పెట్టడం సంఘం చేయగల సహాయం.

ఖర్చు విషయం: హైదరాబాదులో నీలోఫర్ పిల్లల ఆస్పత్రి, నిమ్స్, తిరుపతిలో స్విమ్స్, విశాఖపట్నంలో కింగ్ జార్జ్ ఆస్పత్రి వంటి ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. 1900లో ఐడా స్కడ్డర్ చిన్న మందులశాలగా ప్రారంభించిన వెల్లూరు క్రిస్టియన్ వైద్యకళాశాల ఆస్పత్రికి మన చిత్తూరు, అనంతపురం జిల్లాల నుండి చాలామంది వెళ్తారు. ఆరోగ్యశ్రీ వంటి పథకాల క్రింద ఏ చికిత్స వస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోండి. అప్పుచేసి ప్రైవేటులో మొదలుపెట్టి సగంలో ఆపేకంటె, చివరివరకు సాగించగల చోట మొదలుపెట్టడం మేలు.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు

జీవితాంతం మందులు వాడాలా?
చాలామంది ఏళ్లపాటు వాడవలసిందే. మోతాదు తగ్గించడం, మార్చడం వైద్యుని పని. పదిహేనేళ్లు దాటిన పిల్లలు స్నేహితుల ముందు సిగ్గుపడి మాత్రలు ఎగ్గొడతారు. కోప్పడక, పక్కన కూర్చొని మాట్లాడండి.

ఎత్తు మళ్లీ పెరుగుతాడా?
ఈడు పూర్తిగా రాకముందే వ్యాధి అదుపులోకి వస్తే, పోయిన ఎత్తును చాలావరకు తిరిగి పొందుతాడు. ఎముకలు మూసుకుపోయిన తరువాత వీలుకాదు. త్వరపడమనేది అందుకే.

ఇది క్యాన్సర్ అవుతుందా?
ఇది క్యాన్సర్ కాదు. కాని పెద్దపేగులో వ్యాధి ఎనిమిది పదేళ్లు దాటినవారికి ఆ ప్రమాదం కొంత పెరుగుతుంది. గనుక అప్పటినుండి వైద్యుడు చెప్పిన వ్యవధిలో కొలనోస్కోపీ చేయించుకోవాలి.

ఆడపిల్ల, పెళ్లి ఎలా?
ఈ భయంతోనే అనేకులు జబ్బును దాచి, వైద్యాన్ని కూడా మానుతారు. వ్యాధి అదుపులో ఉన్న అమ్మాయి పెళ్లి చేసుకోవచ్చు, తల్లి కావచ్చు. గర్భం ధరించాలనుకున్నప్పుడు ముందుగా వైద్యునితో చెప్పాలి. మెథోట్రెక్సేట్ వంటి మందును కొన్ని నెలల ముందే ఆపవలసి ఉంటుంది. తల్లికి వ్యాధి ఉన్నా ఆమెకు పుట్టే పిల్లలలో ఎక్కువమందికి అది రాదు.

తల్లిదండ్రులారా, మీ ఇంట్లో గాని, మీ వీధిలో గాని, మీ సండే స్కూలు తరగతిలో గాని, నెలల తరబడి కడుపు పట్టుకొని కూర్చునే బిడ్డ ఉన్నాడేమో ఈ వారమే గమనించండి. ఆ బిడ్డ ఎత్తు కొలవండి, బరువు తూయించండి, మలంలో రక్తం పడుతున్నదా అని ఏకాంతంగా, ప్రేమగా అడగండి. అవునంటే, ఇంకొక సీసా పసరు కోసం కాదు, సరైన పరీక్ష కోసం బయలుదేరండి.